ఈశాన్యం వదిలిన కంచె

ప్రత్తిపాడులో మా ఇంటి చుట్టూ కుక్క కోసం వేయించిన ఇనుప కంచె శాస్త్రోక్తంగా పూర్తయిందనీ, ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి మెచ్చుకుని వెళుతున్నారనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. నా పేరు అనంతపద్మనాభం. హైస్కూల్లో పౌరశాస్త్రం బోధించి రిటైరయ్యాను. ప్రాథమిక హక్కుల పాఠం నేను చెబుతుంటే వెనక బెంచీవాళ్ళు కూడా మేలుకుని ఉండేవారని నా అభిప్రాయం. నా భార్య జ్ఞానప్రసూనాంబ దీనితో ఏకీభవించదు గానీ, ఆవిడ నా క్లాసులో ఎప్పుడూ కూర్చోలేదు.

మా కుక్క పేరు సమత. పేరు పెట్టింది నేను, అన్నం పెట్టేది ఆవిడ. అందువల్ల అది ఆవిడ మాటే వింటుంది. దాని మెడలో ఏనాడూ గొలుసు వేయలేదు. గొలుసు అనాగరికమని వీధిలో అడిగినవారందరికీ చెప్పాను. అడగనివారికి మరింత వివరంగా చెప్పాను.

చిక్కు మిరపకాయల దగ్గర వచ్చింది. పక్కింటి కోటేశ్వరి తన చేలో పండిన కాయల్ని మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో పట్టాలు పరిచి ఎండబోస్తుంది. ఎండకు వెచ్చబడ్డ ఆ ఎర్రటి రాశి సమతకు పరుపులా కనిపించింది. పొద్దు వాలగానే వెళ్ళి దాని మీద కాళ్ళు చాపుకుని పడుకునేది, తుమ్ముకుంటూ ఇంటికి వచ్చేది. వేరే జిల్లా కుక్క అయితే ఆ ఘాటుకు పారిపోయి ఉండేది. ఇది గుంటూరు జిల్లా కుక్క.

ఒకరోజు కోటేశ్వరి గుప్పెడు కాయలు తెచ్చి నా ముందు పోసింది. వాటి నిండా సమత బొచ్చే.

"ఏంది మాస్టారూ ఇది? ఈ కాయలు యార్డుకి తీసకపోతే కొనేవాడు నా మొహాన కొడతాడు. ఏడాది కష్టమండీ ఇది! గొలుసేసి కట్టేస్తారా, లేకపోతే దాన్ని వినుకొండ పోయే లారీ ఎక్కించమంటారా?"

ఆమె కోపంలో న్యాయముంది. సమతను లారీ ఎక్కించడానికి మనసొప్పలేదు. గొలుసుతో ఊహించుకుంటే పౌరశాస్త్రం అడ్డొచ్చింది. "రెండూ వద్దమ్మా. కంచె వేయిస్తాను. లోపల దాని స్వేచ్ఛ దానిది, బయట నీ కాయలు నీవి" అన్నాను. నాగరిక సమాజాలు ఇలాగే ఏర్పడ్డాయని కూడా చెప్పబోయాను గానీ కోటేశ్వరి అప్పటికే వెళ్ళిపోయింది.

వెంటనే ఇంట్లో కంచె ఎంపిక సంఘం ఏర్పడింది. అధ్యక్షత నాది, నిర్ణయాలు జ్ఞానప్రసూనాంబవి. పత్తికట్టెతో దడి కట్టుకుందామని ఆవిడ అంటే, చుట్టాల ముందు నామోషీ అని నేను కొట్టేశాను. ముళ్ళకంప నేనంటే, చీరలు చిరుగుతాయని ఆవిడ కొట్టేసింది. కరెంటు తీగ గురించి ఫోన్లో వీడియో చూశాం. గేటు తీయబోయి దాన్ని మొదట ముట్టుకునేది నేనేనని ఆవిడ దృఢంగా విశ్వసించడంతో ఆ ప్రతిపాదన ఉపసంహరించుకున్నాం. చివరికి నిలువెత్తు ఇనుప వల ఖాయమైంది. తవ్వుకుని పోకుండా అడుగున సిమెంటు, అందానికి ఆకుపచ్చ రంగు.

వెల్డింగు గౌస్ బాషా వచ్చి కొలతలు తీసుకున్నాడు. "ఏనుగుని పెట్టినా ఆగుద్ది సార్" అని హామీ ఇచ్చాడు. మా ఇంట్లో ఏనుగు లేదు గానీ ఆ హామీ నాకెంతో నచ్చింది.

శాస్త్రీయ దృక్పథం పౌరుడి విధి అని పాఠం చెప్పినవాణ్ణి కనుక నేను వాస్తు నమ్మను. నమ్మకపోయినా ఒకసారి చూపిస్తే పోయేదేముందని వాస్తు వీరాంజనేయులు గారిని పిలిపించాను. ఆయన దిక్సూచి పట్టుకుని స్థలమంతా తిరిగి, ఈశాన్యం మూల దగ్గర గుండె పట్టుకుని ఆగిపోయారు.

"ఇక్కడ ఇనుమా మాస్టారూ? ఈశాన్యం మూత పడకూడదండీ! పడిందా, యజమానికి కీళ్ళు పట్టేస్తాయి."

నా మోకాలు అప్పుడే నొప్పి మొదలుపెట్టింది. ఎంత మేర వదలమంటారని అడిగాను. ఒక మనిషి సుఖంగా పట్టేంత అన్నారు. గౌస్ బాషా అక్కడ పాతాల్సిన స్తంభం పక్కన పెట్టేశాడు.

ఆ విధంగా కుక్క దూకలేనంత ఎత్తుగా, తవ్వలేనంత లోతుగా, ఒక్క మూల మాత్రం బార్లా తెరిచి ఉన్న కంచె సిద్ధమైంది. గేటుకు పెద్ద తాళం కొన్నాం.

ప్రారంభోత్సవానికి వీధి వీధంతా లోపలికి వచ్చింది. గేటుకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, సమతను లోపలే ఉంచి తాళం వేసి, నేను ఉపన్యాసం అందుకున్నాను. "సోదర సోదరీమణులారా! గొలుసు బానిసత్వానికి గుర్తు. కంచె క్రమశిక్షణకు గుర్తు. నేటి నుంచి ఈ ప్రాంగణంలో ఒక మూగజీవి సర్వస్వతంత్రంగా..."

ఎవరో తుమ్మారు. శుభమా అని మాట్లాడుతుంటే తుమ్ము కనుక ఆచారం ప్రకారం ఆగి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ "సోదర సోదరీమణులారా" అన్నాను. మళ్ళీ తుమ్ము. అందరం తిరిగి చూశాం. తాళం వేసిన గేటుకు అవతల, ఒంటి నిండా మిరప తొడిమలతో సమత నిలబడి నా ఉపన్యాసం వింటోంది. అతిథులు చప్పట్లు కొట్టారు.

కోటేశ్వరి మాత్రం కొట్టలేదు. "అంత కంచె ఏసి ఆ మూల వదిలేశారేంది మాస్టారూ? మీకేమన్నా మతి పోయిందా?"

"ఈశాన్యం కదమ్మా" అన్నాను.

ఆమె మొహంలో కోపం ఎటుపోయిందో తెలియదు. "అయ్యో, ఈశాన్యమా! ముందే చెప్పొద్దా? దాన్ని మూయకూడదండీ. మా తోడికోడలు మూసి ఎంత అవస్థ పడిందో నాకు తెలుసు" అని ఆ మూలకు దణ్ణం పెట్టింది. మూల మూయరాదని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. కాయలు పాడుకాకూడదన్నదీ న్యాయమే. కోటేశ్వరి ఇంటికెళ్ళి గేదె గొలుసు తెచ్చింది. "లారీ కన్నా ఇది నయం కదండీ" అంది.

నేనే కట్టాను. ఏనుగునైనా ఆపే కంచె స్తంభం కదా, దానికే కట్టాను. ఆడిస్తున్నాననుకుని సమత నా చేయి నాకింది. నాకు సిగ్గేసింది. లోపలికి వెళ్ళి కాఫీ తాగాను.

ఇప్పుడు అంతా సవ్యంగా ఉంది. నా మోకాలు బాగుంది. కోటేశ్వరి కాయలు శుభ్రంగా ఎండుతున్నాయి. సమత రోజంతా ఈశాన్యం వైపే చూస్తూ పడుకుంటుంది. మేమూ అటే చూస్తున్నాం, ఐశ్వర్యం అటునుంచే రావాలని వీరాంజనేయులు గారు చెప్పారు. వచ్చినవాళ్ళు తాళంచెవి దొరికేదాకా గేటు దగ్గర ఓపిగ్గా నిలబడతారు. ఆ మూల నుంచి ఇంతవరకు ఒక్కరూ రాలేదు.

మీరూ ఒకసారి వచ్చి చూడండి. నవ్వుతూ వచ్చినా ఫరవాలేదు. మీ ఇంట్లోనూ మూయకుండా వదిలేసిన మూల ఒకటి ఉండే ఉంటుంది. దాని కోసం మీరు ఎవర్ని కట్టేశారో వచ్చాక చెబుదురుగాని.