స్వముఖ దర్శన దరఖాస్తు

మిస్ నీలంపాలెం పోటీల ఫలితాలు వచ్చిన మూడో రోజు, అంటే సోమవారం పొద్దున్న ఆరింటి నుంచి, నీలంపాలెం మున్సిపాలిటీ పరిధిలోని అద్దాలన్నిటిలోనూ ఎవరు చూసుకున్నా విజేత లహరి ముఖమే కనబడడం మొదలైంది. మెడ నుంచి కిందికి ఎవరి ఒళ్ళు వాళ్ళదే. ముఖం మాత్రం లహరిది. చూసుకునేవాళ్ళు నవ్వితే అది నవ్వుతుంది, ఆవలిస్తే ఆవలిస్తుంది.

ఇందులో దాపరికం ఏమీ లేదు. ఆఖరి రౌండులో న్యాయనిర్ణేతలు "గెలిస్తే ఊరికి ఏం చేస్తావమ్మా?" అని అడిగారు. "మన ఊళ్ళో ప్రతి ఒక్కరూ అద్దంలో చూసుకుని సంతోషపడాలి, అదే నా కోరిక" అని లహరి చెప్పింది. ఇలాంటి మాటలు ప్రతి పోటీలోనూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. చప్పట్లు కొట్టి మర్చిపోవడం రివాజు. నీలంపాలెం కౌన్సిల్ మర్చిపోలేదు. మర్నాడే అత్యవసర సమావేశం పెట్టి, ఆ కోరికను ఏకగ్రీవంగా తీర్మానం చేసేసింది. డ్రైనేజీ మీద తీర్మానం చేస్తే పదకొండేళ్ళకి కూడా అమలు కాని ఊళ్ళో ఇది మాత్రం రెండు రోజుల్లో అమలైపోయింది.

మొదటి వారం కాస్త గలాభా జరిగిన మాట నిజమే. మంగలి కొట్లో గడ్డానికి కూర్చున్న మగాళ్ళు అద్దంలో సబ్బు నురగ పూసుకున్న ఇరవై ఒక్కేళ్ళ ఆడపిల్లని చూసి, సిగ్గుపడి, లేచి వెళ్ళిపోయారు. అద్దంలో మీసం కనబడక కత్తిరించుకోవడం కుదరలేదు. ఒకవైపు పొడుగూ ఒకవైపు పొట్టీగా కొన్నాళ్ళు తిరిగి, చివరికి అందరూ తీసేశారు. లహరి కనుబొమలు బాగా పైకి ఉంటాయి కాబట్టి, అద్దం చూసి పెట్టుకున్న బొట్లు ఆడవాళ్ళకి జుట్టు మొదట్లో పడ్డాయి. రెండు నెలలు గడిచేసరికి బొట్టు అక్కడే పెట్టుకోవాలని పిల్లలకి నేర్పడం మొదలైంది. సెల్‌ఫోన్ల గురించి ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. అవి ఈ పని ఎప్పట్నుంచో చేస్తూనే ఉన్నాయి.

ఒకసారి లహరి గడ్డం మీద మొటిమ లేచింది. ఆ రోజు మధ్యాహ్నానికల్లా ఊళ్ళో మందుల కొట్లలో ఆయింట్‌మెంటు అయిపోయింది. ఆ పిల్ల మామిడిపళ్ళు, వేపుళ్ళు, పండుగప్ప చేప తినరాదని కమిషనర్ గారు ఉత్తర్వు ఇచ్చారు. వాళ్ళింటి గుమ్మంలో ఒక శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని వేశారు. లహరి అప్పట్నుంచి పెరుగన్నం తింటోంది.

అసలు విశేషం వేరే ఉంది. అద్దంలో తప్ప ఒకరికొకరు మామూలుగానే కనబడేవారు. కాబట్టి ఊళ్ళో ప్రతి మనిషీ తను లహరిలా ఉన్నాననీ, మిగతావాళ్ళంతా అలా లేరనీ రోజూ కళ్ళారా చూసేవాడు. ఎదురుపడితే పలకరింపులు మారిపోయాయి. "ఏంటలా అయిపోయావు?" అని ఒకరు జాలిపడితే, "నీకేమైంది?" అని రెండోవాళ్ళు అంతకన్నా ఎక్కువ జాలిపడేవారు. జాలి కాస్త కొలతగా ఉంటే బాగుంటుందని కౌన్సిల్ వారు పోటీలో వాడిన మార్కుల పట్టికని అచ్చు వేయించి ఇంటింటికీ పంచారు. రంగుకి పాతిక, ముక్కుకి ఇరవై, నవ్వుకి ఇరవై, పలువరసకి పదిహేను, కళ్ళకి పది, ఆత్మవిశ్వాసానికి పది. లహరికి మొత్తం మీద తొంభై రెండు వచ్చాయి. జనం కూరగాయలు బేరమాడుతూ కూడా అవతలి మనిషికి మార్కులేసుకునేవారు. సర్వే చేయిస్తే నూటికి తొంభై నాలుగు మంది అద్దం చూసుకుని సంతోషపడుతున్నామని చెప్పారు.

మిగిలిన ఆరుగురిలో మంగతాయారు ఒకతె.

మంగతాయారుకి నలభై నాలుగేళ్ళు. మెయిన్ రోడ్డు మీద గాజులు, బొట్టుబిళ్ళలు, రిబ్బన్లు అమ్మే ఫ్యాన్సీ కొట్లో కౌంటరు దగ్గర కూర్చుంటుంది. వాళ్ళమ్మ ఆదిలక్ష్మి ఆమెకి పదకొండేళ్ళప్పుడు పోయింది. ఆ తరవాతి ఏడాది తుఫానుకి ఇంట్లోకి నీళ్ళొచ్చి, అమ్మది ఉన్న ఒక్క ఫోటో కూడా కరిగిపోయింది. మిగిలింది టేకు చట్రం ఉన్న నిలువుటద్దం. దాని మీద అమ్మ స్నానానికి వెళ్తూ తీసి అంటించిన ఎర్రటి బొట్టుబిళ్ళ. ఆవిడ మళ్ళీ పెట్టుకోలేదు. ఆ రోజే పోయింది.

మంగతాయారు ఆ బిళ్ళని కదపలేదు. అద్దం తుడిచినా చుట్టూ తుడిచేది. ఆమె పెరిగి పెద్దదయ్యేసరికి ఒక సంగతి బయటపడింది. అద్దం ముందు తిన్నగా నిలబడితే ఆ బిళ్ళ సరిగ్గా ఆమె కనుబొమల మధ్యకి వస్తుంది. అదే వెడల్పాటి ముక్కు, అదే చామనచాయ, కాస్త ముందుకొచ్చిన అదే పైపన్ను. "మీ అమ్మ తిరిగొచ్చేసిందే" అని నాన్న ఒకసారి గుమ్మంలో నిలబడి ఏడ్చాడు. పాతికేళ్ళుగా మంగతాయారు రోజూ పొద్దున్నే ఒక్క నిమిషం అమ్మని చూసుకుని కొట్టుకి వెళ్ళేది. ఇప్పుడు ఆ బిళ్ళ లహరి ముక్కు మీద పడుతోంది.

ఏడాది తిరిగేసరికి ఆమెకి భయం పట్టుకుంది. కళ్ళు మూసుకుంటే అమ్మ ముక్కు గుర్తొచ్చేది కాదు. లహరి ముక్కే గుర్తొచ్చేది. ఆ భయంతోనే ఒక మంగళవారం కొట్టుకి సెలవు పెట్టి మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళింది. మేడ మీద జనన మరణాల పక్క గదిలో అద్దాల విభాగం ఉంది. అక్కడ జూనియర్ అసిస్టెంట్ వీర్రాఘవులు గారు స్వముఖ దర్శన దరఖాస్తు తీసి, ఆయనే నింపడం మొదలుపెట్టారు.

"కారణం చెప్పమ్మా. వైద్యమా, మొక్కుబడా, ఇతరమా?"

"మా అమ్మని చూడాలండి."

"అమ్మగారు ఎక్కడుంటారు?"

"పోయి ముప్ఫైమూడేళ్ళయిందండి."

"మరి అద్దంలో ఎలా కనబడతారు?"

"నా మొహంలో ఉంటదండి."

వీర్రాఘవులు గారు తల ఊపి, 'ఇతరము' మీద టిక్కు పెట్టి, తల్లి ప్రస్తుత చిరునామా అన్నచోట 'దరఖాస్తుదారు ముఖము' అని రాసుకున్నారు. పాత రూపానికి రుజువు కావాలన్నారు. ఆమె ఆధార్ కార్డు తీసి ఇచ్చింది. ఆయన దాన్ని చూడకుండానే వెనక్కిచ్చేశారు. ఆధార్ ఫోటో ఎవరినీ పోలదు కాబట్టి విభాగం దాన్ని సాక్ష్యంగా తీసుకోదు. అయిదేళ్ళకి తక్కువ కాకుండా ఆమె ముఖాన్ని చూస్తున్న ఇద్దరు సాక్షులు దాన్ని వర్ణించాలి.

ఆమె భర్త తాతారావు సామాన్ల ఆటో నడుపుతాడు. ఇరవై రెండేళ్ళ కాపరం. విచారణకి వచ్చి బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీ ఆవిడ ముక్కు ఎలా ఉంటుంది?"

"ముక్కులాగే ఉంటదండి."

"కళ్ళు?"

తాతారావు భార్య వైపు తిరిగి చూడబోయాడు. చూసి చెప్పకూడదని వీర్రాఘవులు గారు వారించారు. తాతారావు బల్ల వైపే చూస్తూ, "బానే చూస్తదండి" అన్నాడు.

"ఇలా రాస్తే పైవాళ్ళు తిప్పి కొడతారయ్యా. కాస్త వివరంగా చెప్పు."

అప్పుడు తాతారావుకి దారి దొరికింది. "ఆయ్, అద్దంలో కనపడే నాకన్నా ఓ యాభై మార్కులు తక్కువుంటదండి" అన్నాడు. అందులో వెటకారం లేదు. రెండో సాక్షిగా వచ్చిన పక్కింటి చిట్టెమ్మ కూడా అదే లెక్క చెప్పింది. రెండు వాంగ్మూలాలూ కలిశాయి కనక ఫైలు ముందుకి కదిలింది.

ఆఫీసు నుంచి వస్తూ మంగతాయారు మొగుడి పక్కన ఎక్కలేదు. ఆటోలో వెనక సామాన్లు పెట్టేచోట కూర్చుంది.

"నిజవే కదే సెప్పేను, ఎందుకలా ముడుచుకుంటావు?" అన్నాడు తాతారావు.

"నేనెప్పుడైనా నీకు మార్కులేసేనా?"

"ఎయ్యలేదా?"

ఊళ్ళో అందరికీ ఆ పిచ్చి పట్టినా తనకి పట్టలేదని మంగతాయారు నమ్మకం. మార్కుల కాగితం ఇంటికొచ్చిన రోజే మడిచి బియ్యం డబ్బా కింద పెట్టేసింది. కొట్లో బొట్టుబిళ్ళలకి వచ్చేవాళ్ళలో ఎవరికి ఏ సైజు నప్పుతుందో చూసేటప్పుడు ఏవో అంకెలు తోచేవి గానీ, అది వ్యాపారం కోసమే కదా అనుకునేది.

ఫైలు ఏడు నెలలు తిరిగింది. ఒకసారి ఆరోగ్య విభాగానికి, ఒకసారి టౌన్ ప్లానింగ్‌కి పోయింది. ముఖానికి టౌన్ ప్లానింగ్ ఏమిటని ఎవరూ అడగలేదు. ఈలోగా మంగతాయారు అమ్మని గుర్తు తెచ్చుకోవడానికి వేళ్ళతో ముక్కు తడుముకునేది, నాలికతో పైపన్ను తడుముకునేది. పన్ను ఇంకా ముందుకే ఉందని తెలిస్తే ధైర్యంగా ఉండేది. కొట్లో కూర్చుని ఊరికే పన్ను తడుముకుంటుంటే పంటినొప్పి అనుకుని ఓనరు లవంగాలిచ్చాడు.

చివరికి అనుమతి వచ్చింది. సొంత ఇంటి అద్దంలో, సిబ్బంది సమక్షంలో, అయిదు నిమిషాలు. బుధవారం పదిన్నరకి వీర్రాఘవులు గారు చేతిలో ఫైలుతో వచ్చారు. మంగతాయారు తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, కావాలనే బొట్టు పెట్టుకోకుండా నిలబడింది. తాతారావు గుమ్మంలోనే ఆగిపోయాడు. వీర్రాఘవులు గారు అద్దం ఎదురుగా నిలబడి ఉత్తర్వు నంబరూ తేదీ చదివి, పక్కకి తప్పుకుని గడియారం చూసుకున్నారు.

లహరి పోయింది. బొట్టుబిళ్ళ కనుబొమల మధ్యకి వచ్చి కూర్చుంది.

అమ్మే. సందేహం లేదు. "అమ్మా" అంది మంగతాయారు పైకే. ఏడాదిన్నర తరవాత చూసింది. పోల్చుకోలేనేమోనని ఇన్నాళ్ళూ భయపడింది గానీ, రెప్పపాటులో పోల్చుకుంది.

ఆ వెంటనే, ఆమె పిలవకుండానే, అంకెలు వచ్చాయి. రంగు పది. ముక్కు ఏడు.

మంగతాయారు తల విదిలించి మళ్ళీ చూసింది. పలువరస నాలుగు. ఆపుదామనుకుంది. ఆ ముక్కుని ముక్కుగా, ఆ పన్నుని పన్నుగా చూద్దామని గట్టిగా ప్రయత్నించింది. కళ్ళు ఆరు. ఆత్మవిశ్వాసం, ఏడుస్తున్న మనిషికి ఎంతిస్తాం, నాలుగు. నవ్వు ఒక్కటే మిగిలింది. అమ్మకి అక్కడైనా కాసిని కలుస్తాయని ఆమె ఏడుపు ఆపుకుని, చెంపలు తుడుచుకుని, అమ్మ కోసం నవ్వింది. నవ్వితే పైపన్ను మొత్తం బయటపడింది. నవ్వుకి పది కన్నా ఎక్కువ వెయ్యలేకపోయింది. పలువరసలో మళ్ళీ ఒకటి తగ్గించాల్సి వచ్చింది.

మొత్తం నలభై. పదకొండేళ్ళప్పుడు ఈవిడకన్నా అందగత్తె లోకంలో లేదనుకునేది. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా లెక్క తప్పని అనిపించలేదు.

"ఇంకా రెండు నిమిషాలుందమ్మా" అన్నారు వీర్రాఘవులు గారు.

"చాలండి."

"ముఖం సరిగ్గా వచ్చిందా? నీదేనా?"

"మాదేనండి."

ఆయన ఆమె చేత సంతకం పెట్టించుకుని, ఫారం తిరగేసి పెన్ను మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టారు. వెనక పేజీలో 'పై స్వముఖమును తొలగించి విజేత ముఖమును శాశ్వతముగా పునరుద్ధరింపవలసినదిగా కోరుచున్నాను' అని అచ్చు వేసి ఉంది. కింద సంతకానికి చోటు కూడా ఉంది.

మంగతాయారు దాన్ని రెండుసార్లు చదివింది. "ఇది ముందే అచ్చేసేసేరేటండి?"

"మొదట్లో దీనికి వేరే కాయితం ఉండేదమ్మా. అందరూ ఎలాగూ రెండూ అడుగుతున్నారని ఒక్కదాంట్లోనే కలిపేశాం."

"సంతకం పెట్టనివాళ్ళు ఎవరూ లేరాండి?"

"ఒకాయన ఉన్నారు. చూపు లేదు ఆయనకి."

మంగతాయారు సంతకం పెట్టింది. వీర్రాఘవులు గారు రెండో ఉత్తర్వు నంబరు చదివి, ఫైలుకి దారం చుట్టుకుని, తాతారావు ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయారు.

అద్దంలో లహరి మళ్ళీ వచ్చింది. కళ్ళు కొంచెం ఎర్రగా ఉన్నాయి గానీ ఆ ముఖానికి ఎరుపు కూడా బాగానే ఉంది. బొట్టుబిళ్ళ మళ్ళీ ముక్కు మీద పడి వెక్కిరించినట్టుగా ఉంది. మంగతాయారు చాలాసేపు చూసి, ముప్ఫైమూడేళ్ళుగా కదపని ఆ బిళ్ళని గోటితో మెల్లిగా పెళ్ళగించింది. వెనక జిగురు ఎప్పుడో ఎండిపోయింది. కొట్లో వాడే జిగురు సీసా తెచ్చి ఒక చుక్క వేసి, రెండంగుళాలు పైన, లహరి కనుబొమల మధ్య పడేలా అంటించింది. తిన్నగా నిలబడి చూసింది. నప్పింది.

"అమ్మా, కొట్టుకెళ్ళొస్తాను" అని ఆ ముఖానికి చెప్పి, తాళం తీసుకుని బయల్దేరింది.