పడకగదిలో వేటగాడు

ఆ సోమవారం పొద్దున బాలకిషన్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. చిక్కడపల్లిలో ఇడ్లీ తినాలి. బషీర్‌బాగ్‌లో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లి లేజర్ ఆపరేషన్ చేయించుకోవాలి. మధ్యాహ్నానికి అశోక్‌నగర్‌లో తన ఫ్లాటుకు చేరి, వారం రోజులు చీకటి గదిలో పడుకోవాలి. లోకానికి మాత్రం అతను అడవి పందుల వేటకు వెళ్లినట్టు తెలియాలి. జీపును కూడా ముందురోజే అంబర్‌పేట్‌లో ఒక మెకానిక్ షెడ్డులో దాచి వచ్చాడు.

నారాయణగూడ చౌరస్తా దగ్గర అతనికి ఫ్యాన్లు, ట్యూబులైట్లు అమ్మే దుకాణం ఉంది. కానీ మీరేం చేస్తారని ఎవరైనా అడిగితే దుకాణం సంగతి ఎత్తడు. పంటలు పాడుచేసే పందులను కాల్చడానికి సర్కారు అనుమతి ఇచ్చిన షూటర్లలో తన పేరుందని చెబుతాడు. అడగకపోయినా చెబుతాడు.

ఇంతటి వేటగాడికి చూపు ఆనదు. పది అడుగుల అవతల ఉన్నది పందో, ఎరువు బస్తానో తేల్చుకోలేడు. ఈ సంగతి భార్య త్రివేణికి తప్ప మరో ప్రాణికి తెలియదు. కళ్లద్దాల వేటగాణ్ని ఎవరు పిలుస్తారని భయపడి, ఇన్నేళ్లూ కంట్లో లెన్సులు పెట్టుకుని నెట్టుకొచ్చాడు. పోయిన నెల ఒక జొన్నచేలో పంది సరిగ్గా ఎదురుపడ్డప్పుడే కంట్లో దుమ్ము పడింది. నలుపుకుంటే లెన్సు ఊడి జొన్నల్లో కలిసిపోయింది. గురి తప్పింది. గాలి ఎదురుకొట్టిందని ఊరివాళ్లకు చెప్పాడు. ఆ రోజు ఆకు కూడా కదల్లేదని వాళ్లకు తెలుసు గానీ, పెద్దమనిషి కదాని ఊరుకున్నారు. లేజర్ మాట అతనికి అప్పుడే తట్టింది.

డాక్టరు దగ్గర మాత్రం నిజం చెప్పక తప్పలేదు. తుపాకీ పేలినప్పుడు దాని మడమ భుజాన్ని తన్నుతుందని, ఒక్కోసారి తుపాకీ మీది దుర్భిణి కంటిదాకా వచ్చి కొడుతుందని విన్నాక ఆయన తల అడ్డంగా ఊపాడు. మర్నాటికే చూపు వచ్చే పద్ధతిలో కంటి పై పొరను కోసి, మళ్లీ మూతలా కప్పుతారట. దెబ్బ తగిలితే ఆ మూత జారవచ్చట. అందుకని షూటర్లకు పొర కోయని పద్ధతే మేలన్నాడు. కాకపోతే కళ్లు నాలుగు రోజులు భగ్గుమంటాయి, చూపు నిదానంగా వస్తుంది, ఎండా దుమ్మూ తగలకూడదు. వేటగాడి కోసం ప్రత్యేకమైన పద్ధతి అనేసరికి బాలకిషన్ అక్కడే ఉబ్బిపోయాడు.

ఆ అపార్టుమెంటుకు వాచ్‌మన్ తిమ్మయ్య. పాలమూరు నుంచి వచ్చి, ఆ భవనం కట్టేటప్పుడు ఇటుకలు మోసి, కట్టడం అయ్యాక మెట్ల కింది గదిలో వాచ్‌మన్‌గా మిగిలిపోయాడు. అతని భార్య కురుమమ్మ ఊళ్లో ఉండి రెండెకరాల పల్లిచేను చూసుకుంటోంది. చూసుకోవడమంటే రాత్రంతా మంచె మీద కూర్చుని, పందులు రాకుండా రేకుడబ్బా కొట్టడం. ఆ పంట చేతికొస్తే ఆమె ఊళ్లో బతుకుతుంది, రాకపోతే ఆమె కూడా పట్నం వచ్చి అడ్డా మీద కూలికి నిలబడాలి. తిమ్మయ్య ఎప్పటినుంచో బాలకిషన్‌ను బతిమాలుతూనే ఉన్నాడు. బాలకిషన్ అతణ్ని వదిలించుకోవడానికి ఈ వారంలో మీ దిక్కే వస్తానని ఒక మాట పడేశాడు. దానికి తన షరతులు కూడా జోడించాడు.

"నేనొచ్చినప్పుడు చేన్ల ఒక్క మనిషి కనబడొద్దు తిమ్మయ్యా. డబ్బా చప్పుడొద్దు, లైటొద్దు. ఎవడన్న కనబడ్డడంటె నేను తుపాకి ముట్ట."

వినేవాళ్లు దీన్ని వేట క్రమశిక్షణ అనుకునేవారు. లెన్సులు పెట్టుకున్నా చీకట్లో గొంగడి కప్పుకున్న మనిషికీ పందికీ తేడా అతనికి తెలియదన్నది అసలు కారణం.

ఆపరేషన్ బాగానే జరిగింది. తిమ్మయ్య టీ తాగడానికి పోయిన సందు చూసి త్రివేణి మొగుణ్ని చెయ్యి పట్టుకుని లిఫ్టు ఎక్కించింది. మర్నాటి నుంచి ఆమె ఇంటికి బయట తాళం వేసి దుకాణంలో కూర్చోసాగింది. లోపల బాలకిషన్ నల్లద్దాలు పెట్టుకుని, ఫోను ఆపేసి, తుమ్ము వస్తే దిండులో తుమ్ముతూ పడుకున్నాడు. కళ్లల్లో మిరపపొడి చల్లినట్టుంది. మొదటి అంతస్తు కాబట్టి గేటు దగ్గరి మాటలన్నీ కిటికీలోంచి వినబడేవి.

మంగళవారం పొద్దున త్రివేణి బయల్దేరుతుంటే తిమ్మయ్య సారు ఎటు పోయాడని అడిగాడు. అబద్ధం గట్టిగా నిలబడాలంటే కొంచెం వివరం ఉండాలని ఆమె నమ్మకం. "మీ దిక్కే" అని చెప్పి ఆటో ఎక్కింది. ఆ రెండు మాటలకే తిమ్మయ్య కడుపు నిండిపోయింది. సరిగ్గా బాలకిషన్ కిటికీ కింద నిలబడి కురుమమ్మకు ఫోన్ చేశాడు.

"సార్ మనూరికే బైలెల్లిండు. నువ్వింక చేను కాడికి పోకు. డబ్బా కొట్టకు. మనిషి కనబడితె సార్ మల్లిపోతడు. ఇంట్ల పండుకో కురుమా. నువ్వు నిద్రబోక నెలాయె."

బాలకిషన్ లేచాడు. గోడ తడుముకుంటూ కిటికీ దాకా వెళ్లాడు. గడియ మీద చెయ్యి వేశాడు. తీసి ఒక్క మాట కేకేస్తే చాలు. కానీ ఆ మాటతోపాటు ఇంకా ఏమేం బయటపడతాయో అతనికి వరసగా కనిపించాయి. మధ్యాహ్నానికి అపార్టుమెంటంతా, సాయంత్రానికి నారాయణగూడ అంతా, గుడ్డి షూటరు గుడ్డి షూటరు అని నవ్వుకుంటుంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సిగ్గేసింది, నిజంగానే సిగ్గేసింది. అయినా మంచం మీదికే వెళ్లాడు.

సాయంత్రం త్రివేణి రాగానే సంగతి చెప్పి, సారు వేరే ఊరు పోయాడని చెప్పి రమ్మని కిందికి పంపాడు. ఆమె వెళ్లినంత వేగంగా తిరిగొచ్చింది.

"చెప్పిన. నవ్వుతున్నడు. సార్ మీకు గూడ చెప్పకుంట పోయిండమ్మా అంటున్నడు. వాళ్ల సర్పంచి డప్పు కొట్టి చాటింపు గూడ ఏయించిండట, ఊర్ల ఎవ్వరు చేన్లకు పోవద్దని."

సర్పంచికి నిజానికి బాలకిషన్ నుంచి ఏ కబురూ అందలేదు. షూటరు వస్తున్నట్టు ఒక వాచ్‌మన్‌కు తెలిసి సర్పంచికి తెలియకపోవడం బాగుండదని, నాతో నిన్ననే మాట్లాడాడని ఊరందరికీ చెప్పుకున్నాడు. షూటర్లు ఊళ్లోకి రారని, నేరుగా చేలల్లోకే దిగుతారని కూడా తనే సెలవిచ్చాడు. దాంతో ఒక్క కురుమమ్మ చేనుకే కాదు, ఊరి చేలన్నిటికీ కాపలా లేకుండా పోయింది.

రెండు రాత్రుల్లో పందులు ఏం పెళ్లగిస్తాయిలే అని బాలకిషన్ తనకు తాను సర్దిచెప్పుకుని కళ్లల్లో మందు వేయించుకున్నాడు. ఆ రాత్రే పక్క ఊళ్లో పెళ్లి బారాత్ జరిగింది. పటాకులు పేలాయి. ఒక్కో చప్పుడుకూ ఒక్కో పంది పడిందని జనం ఇళ్లల్లో కూర్చుని సంతోషించారు. తెల్లారాక చేలవైపు పోబోయిన వాళ్లను సర్పంచి ఆపాడు. గాయపడ్డ పంది మనిషి మీదికి వస్తుందని, సారు కబురు పెట్టేదాకా పగలు కూడా అటు పోవద్దని ఆజ్ఞాపించాడు. ఊరంతా రోజుల తరబడి కంటినిండా నిద్రపోయింది. పందులకు అంతటి మర్యాద మునుపెన్నడూ జరగలేదు.

శుక్రవారం కురుమమ్మ ఇక ఆగలేక చేనుకు పోయింది. పోయి, పందులు తవ్విన బొందల మధ్య కూలబడి ఏడ్చింది. ఆమె వెనకాల ఊరు కదిలింది. ఏ చేను చూసినా అంతే. పల్లి లేదు, చచ్చిన పంది ఒక్కటీ లేదు, సారూ లేడు. తుమ్మకంపకు చిక్కుకుని ఒక ఖాకీ గుడ్డముక్క మాత్రం దొరికింది. అది ఏనాటిదో, ఎవరిదో ఎవరూ అడగలేదు. పందులే సారును పొట్టన పెట్టుకున్నాయని తేల్చేశారు. తన మాట మీదే మనిషి వచ్చాడని చెప్పుకున్న సర్పంచి వణికిపోయి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. మగవాళ్లు తాళ్లు తీసుకుని బావులు గాలించడం మొదలుపెట్టారు.

శనివారం పొద్దునకల్లా ఆ కబురు అశోక్‌నగర్ చేరింది. బాలకిషన్ చెల్లెలు నర్మద, ఆమె భర్త రామచంద్రం అంబర్‌పేట్ నుంచి దిగారు. నర్మద హాల్లో చాప మీద పడి ఏడుస్తోంది. రామచంద్రం దుఃఖాన్ని దిగమింగుకుని దుకాణం తాళాలు ఎక్కడుంటాయని త్రివేణిని రెండుసార్లు అడిగాడు. ఒక హెడ్ కానిస్టేబులు వచ్చి కుర్చీలో కూర్చుని, చివరిసారి మనిషిని ఎప్పుడు చూశారని ఆరా తీస్తున్నాడు. తిమ్మయ్య గడప బయట, చెప్పుల స్టాండు పక్కన నిలబడి ఉన్నాడు. త్రివేణి ఏడవాలో వద్దో తెలియక కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. పడకగదిలో శవం చెమటలు కక్కుతోంది.

సరిగ్గా అప్పుడు పడకగదిలో గడియారం గణగణ మోగింది. కంటి మందు వేళకు త్రివేణి పెట్టిన అలారం అది. బాలకిషన్ దాని నోరు నొక్కబోయి కింద పడేశాడు. హాల్లో ఏడుపు ఆగిపోయింది. కానిస్టేబులు లేచి తలుపు తోశాడు. లుంగీ మీద, నల్లద్దాలతో, గడియారాన్ని గుండెలకు హత్తుకుని స్వర్గస్థుడు నిలబడి ఉన్నాడు.

అందరికంటే ముందు తేరుకున్నది త్రివేణి. "ఇయ్యాల పొద్దుగాలనే వచ్చిండు సార్. పంది మీద పడ్డదట, కండ్లకు దెబ్బ తాకింది. ఎవ్వరికి చెప్పొద్దన్నడు, పరేషాన్ అయితరని" అంది గుక్క తిప్పుకోకుండా.

కానిస్టేబులుకు ఆ కథ పూర్తిగా మింగుడుపడలేదు. గడపవైపు తిరిగాడు.

"గేటు కాడ ఉండేది నువ్వే గద. సార్ ఎప్పుడొచ్చిండు?"

ఇరవై ఏళ్లలో బాలకిషన్‌కు ఏ మొహమూ అంత స్పష్టంగా కనబడలేదు. హాలుకు ఆ చివర ఉన్నా తిమ్మయ్య గడ్డంలో నెరిసిన వెంట్రుకలు, ఉబ్బిన కనురెప్పలు, పెదవి మీద పగులు అన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయి. ఆ పొద్దున ఆ గేటులోంచి బాలకిషన్ రాలేదని తిమ్మయ్యకు తెలుసు. అతని చూపు నల్లద్దాల మీది నుంచి మంచం పక్కన మందుసీసాల మీదికి, అక్కడి నుంచి కిటికీ మీదికి పోయింది. కిటికీ దగ్గర చాలాసేపు ఆగింది. తాను ఎక్కడ నిలబడి ఫోన్ చేశాడో అతనికి గుర్తొచ్చిందని బాలకిషన్‌కు అర్థమైంది. అపార్టుమెంటు సంఘానికి బాలకిషనే అధ్యక్షుడు. మెట్ల కింది గదిలో ఎవరుండాలో నిర్ణయించేది అతనే.

"తెల్లారుజామున వచ్చిండు సార్" అన్నాడు తిమ్మయ్య. "నేనే గేటు తీసిన."

బాలకిషన్ నోరు తెరిచాడు. నిజం చెప్పడానికే తెరిచానని తర్వాత చాలాకాలం అనుకున్నాడు. తెరిచిన నోట్లో నర్మద గుప్పెడు చక్కెర పోసింది. రామచంద్రం తాళాల ఊసెత్తకుండా సోఫాలో కూలబడ్డాడు.

కథ అక్కడితో ఆగినా బాగుండేది. పందితో కలబడి కళ్లమీదికి తెచ్చుకున్న వీరుణ్ని సన్మానించకుండా ఉంటే ఊరి పరువు పోతుందని సర్పంచి పట్టుబట్టాడు. తన మాట చెల్లిందని అనిపించుకోవడానికి అతనికీ ఒక సభ కావాలి. రెండు వారాల తర్వాత బాలకిషన్ నల్లద్దాలు పెట్టుకుని, తిమ్మయ్యను వెనక కూర్చోబెట్టుకుని జీపులో వెళ్లాడు. పంట పోయిన వాళ్లంతా వరసగా వచ్చి అతని మెడలో దండలు వేశారు. శాలువా కప్పారు. మైకు అందుకుని, "ఆ రాత్రి నేను..." అని ఒక ముక్క అన్నాడో లేదో నల్లద్దాల కింద వేలు పెట్టి కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. సారుకు దుఃఖం వస్తే కళ్లకు మంచిది కాదని సర్పంచి మైకు లాక్కున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. తిమ్మయ్య కూడా కొట్టాడు.

జీపు బయల్దేరేముందు కురుమమ్మ వచ్చింది. చంకలో బట్టల మూట, చేతిలో సత్తుగిన్నె ఉన్నాయి. ఆమెకు ఎవరూ నిజం చెప్పలేదు. తిమ్మయ్య కూడా చెప్పలేదు.

"బండిల జర జాగ ఉంటె నన్ను గూడ పట్నం తీస్కపో సారూ. ఈడ కావలుండెతందుకు ఏం మిగల్లే. నా కోసమని నీ పానం మీదికి తెచ్చుకుంటివి, నీ కడుపు సల్లగుండ."

బాలకిషన్ జీపు దిగాడు. జీపు వెనక తలుపు తీసి, మొహం అవతలికి తిప్పుకుని, నల్లద్దాలు తీసేశాడు. రోడ్డు పక్క నుంచి గుట్ట దాకా ఒక్క మొక్క లేని చేలు కనిపించాయి. ప్రతి బొందా, బొందల చుట్టూ పందుల గిట్టల ముద్రలూ, దూరంగా మంచె మీద వేలాడుతున్న రేకుడబ్బాకు పట్టిన తుప్పూ కనిపించాయి.

ఆపరేషన్ నూటికి నూరు పాళ్లు సఫలమైంది.