మసక పద విజయము

శ్రీశైలమునకు ఎంతయో వాయవ్యమున, సంకల్పము చెప్పబోయిన పురోహితునకే దిక్కు తోచని జర్మనీ దేశమున, కార్లు పుట్టి పెరిగి రోడ్డెక్కు జిండెల్ఫింగెన్ మహాపురమున, శోభనగృహమునకు మారుగా నెలనెలా అద్దె చెల్లించు మూడవ అంతస్తు గృహమున, సూర్యభగవానుడు సెలవు పెట్టి మరల డ్యూటీలో చేరని నవంబరు మాసమున జరిగిన ఒక మహాసంగ్రామమును చెప్పెదను, చెవి యొగ్గి వినుడు.

ఆ గృహమునకు అధిపతి భాస్కరరావు. ఆఫీసున కారు బ్రేకుల సాఫ్ట్‌వేరులోని దోషములను చీల్చి చెండాడు దోషారణ్యదావానలుడు, మీటింగు సహస్రములనైనను కునుకు తీయక సహించు ధీరోదాత్తుడు. అట్టి వీరుడు ఇంటికి వచ్చినంతనే ఏడేండ్ల కూతురు సంయుక్త ముందు డీలాపడుచుండెను. ఏలయన తెలుగున అడిగిన ప్రతి ప్రశ్నకును ఆ బాల జర్మనున బదులిచ్చుచుండెను. "అన్నం తింటావా తల్లీ?" అన్న "నైన్", అనగా వద్దని. "బళ్ళో ఏం చెప్పారు?" అన్న "నిష్ట్స్", అనగా ఏమియు లేదని. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న పెద్దలు ఈ ఇంటిని చూచియుండరు.

ఇక యుద్ధకారణము. శనివారపు తెలుగు బడిలో గిరిజ టీచరు 'మసక' అను విశేషణమును పిల్లలకు నేర్పి, "ఆకాశానికీ వాడొచ్చు, జ్ఞాపకానికీ వాడొచ్చు. వచ్చే శనివారంలోగా మీ అంతట మీరు ఒక్కసారి వాడి రండి" అని పంపెను. సరిగా శనివారములనే, ఆ బడి వేళకే, ఎంతకాలముగనో ఎదురుచూచుచున్న ఈత తరగతిలో చోటు దొరికినదని ఇల్లాలు సుభద్రకు ఫోను వచ్చెను.

"ఏవండీ, రెండు మాటలు మాట్లాడని తెలుగు కోసం ఈతలో వచ్చిన సీటు వదులుకుంటామా? పిల్ల నీళ్ళలో పడితే తెలుగు తేలుస్తుందా?" అని ఆమె నిలదీయగా, భాస్కరరావు సోఫా నుండి సింహాసనము నుండి లేచినట్లు లేచి, చేతనున్న టీవీ రిమోటును గదవలె ఎత్తి ఇట్లు గర్జించెను:

"వినుము సుభద్రా! దిక్కులారా, మీరును వినుడు! శనివారమున బడి గంట మ్రోగులోపల, ఎవరును అందింపక, ఎవరును బ్రతిమాలక, అస్మత్పుత్రీ ముఖారవిందము నుండి ఆ మసక పదము తనంత తానుగా వెలువడనిచో, తెలుగు బడికి నేనే స్వస్తి పలికెదను! ఈత కొలనుకు నేనే తువ్వాలు మోసెదను!"

"సరే. మాట మీద ఉండండి" అని సుభద్ర కుక్కరు మూత బిగించెను.

పైకి గర్జించెనే గాని, లోలోన కన్నబిడ్డ కోపము వచ్చినను, నవ్వు వచ్చినను, ఏనాటికిని తన భాషలో తనతో చెప్పదేమోనను భయము ఆతనిని పట్టుకొనెను. అది మాత్రము పరిహాసము కాదు.

మొదటి దండయాత్ర బాల్కనీలో జరిగెను. ఎదుటి మేడలను సైతము మ్రింగిన మంచుపొగను చూపి, "ఆకాశం ఎలా ఉందమ్మా?" అని ఆతడు ఆశగా అడుగ, "గ్రావ్" అనెను బాల. జర్మనున అది బూడిదరంగునకు పేరు. రెండవ దండయాత్రకు ఆతడు ఆమె తొలి పుట్టినరోజు ఫోటోను బయటికి తీసి, "ఇది గుర్తుందా? కొంచెం కొంచెంగా... ఎలా గుర్తుంది?" అని ఊరించెను. "నైన్, పప్పా! అప్పుడు నేను బేబీ కదా!" అని ఆమె జర్మనుననే తేల్చివేసెను. మూడవమారు ఆతడు తన కళ్ళజోడుపై ఆవిరి ఊది, "అయ్యో, నాకెలా కనిపిస్తోందో చెప్పు!" అని తడుముకొనుచు అభినయింపగా, ఆ దయామయి కళ్ళజోడు తీసికొని తన గౌనుతో శుభ్రముగా తుడిచి, "బిట్టె", అనగా ఇదిగో తీసికొమ్మని, మరల పెట్టెను. శత్రువు కరుణించినచో ఎంతటి వీరుడు మాత్రము ఏమి చేయగలడు?

శుక్రవారమున ఆకాశము సైతము ద్రోహము చేసెను. నవంబరున ఎన్నడును లేని ఎండ కాసి, ఊరంతయు ఐస్‌క్రీముతో వీధినబడెను. ఆతడొక్కడే కిటికీ కడ నిలిచి సూర్యుని తిట్టుచుండెను.

శనివారము తెల్లవారెను. ఆహా, మంచుపొగ మరల వచ్చెను! భాస్కరరావు కూతురిని కిటికీ కడ నిలుపుటకు ఇంటి తాళముల గుత్తిని లంచముగా ఇచ్చెను. ఆమె నిలువలేదు. గుత్తిని గలగలలాడించుచు ఇల్లంతయు తిరిగి, గుమ్మము బయటి చెప్పుల స్టాండు దాకను పోయి వచ్చెను. ఆతడు అదేమియు గమనింపక, "కిందికెళ్తే ఇంకా బాగా కనిపిస్తుంది, రా!" అని ఆమెను చంకనెత్తుకొని, లుంగీతోనే మెట్లు దిగెను.

"ఏవండీ, జాకెట్టన్నా వెయ్యండి పిల్లకి!" అని సుభద్ర జాకెట్టుతో వెంటబడెను. ఆమె వెనుక తలుపు 'ధన్' మని మూసికొనెను. ఈ దేశపు తలుపు ఒకమారు మూసికొన్నచో తాళము లేక బయటి నుండి తెరచుకొనదు.

పెరటిలో మువ్వురును ఒకరి ముఖమొకరు చూచుకొనిరి. రెండవ తాళముల గుత్తి లోపలి కొక్కెమునకే వ్రేలాడుచుండెను.

"తాళాలేవండీ?"

"అమ్మలూ, తాళాలెక్కడ పెట్టావు?" అని లుంగీవీరుడు చలికి పండ్లు పటపటలాడించుచు అడిగెను. సంయుక్త కళ్ళు మూసికొని, తెరచి, మంచుపొగ వంక చూచి, తల్లి ముఖమును చూచి భయపడి, తండ్రి కాలిని కరచుకొనెను.

"నాన్నా... నాకు గుర్తుంది. కానీ మసగ్గా గుర్తుంది. బయట ఎలా ఉందో నా తలలో కూడా అలాగే ఉంది. మసక."

పప్పా కాదు, నాన్నా! వీధి చివరి చర్చి గంటలు విజయశంఖములై మ్రోగెను. భాస్కరరావు తాళము మరచెను, చలి మరచెను, బిడ్డను గాలిలోకి ఎత్తి, "సుభద్రా! విన్నావా! రెండింటికీ వాడింది!" అని కేకవేసెను. కళ్ళజోడు ఈమారు నిజముగనే తడిసెను.

"విన్నానండీ. తాళాలెక్కడో ఇంకా చెప్పలేదు."

"ఎర్ర బూటులో... అనుకుంటా" అనెను బాల.

మెట్లెక్కి చూడగా, స్టాండుపైనున్న ఎర్రని వానబూటులో గుత్తి గల్లుమనెను. సుభద్ర నవ్వాపుకొని, "మాటంటే మాటే. బడికి బయల్దేరండి. ఈతకి ఆదివారమేమైనా చోటుందేమో నేను కనుక్కుంటాను" అని తలుపు తీయుచు తీయుచు ఆగి, "అవునూ, అసలు పిల్ల చేతికి తాళాలిచ్చిందెవరు?" అని అడిగెను.

దోషారణ్యదావానలుడు పైకప్పు వంక చూచెను.

"ఏమో సుభద్రా... మసగ్గా గుర్తుంది."

"నాన్నా, కాపీ కొట్టావు!" అని కూతురు కిలకిల నవ్వెను.

జయము! జయము! జర్మను భాషాసాగరమధ్యమున మూడక్షరముల తెలుగు మాట ఒకే ఉదయమున రెండు మారులు గెలిచెను: ఒకమారు నిజము చెప్పిన కూతురి నోట, ఒకమారు అబద్ధమాడిన తండ్రి నోట. రెండవ గెలుపును మాత్రము సుభద్ర నేటికిని ఒప్పుకొనలేదు.