గట్టిగా అరిచే బ్యాటరీ

ఆ ఉదయం ఆ ఇంట్లో వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. అత్తగారు వరమ్మ చర్చిలో స్త్రీల కూటానికి వెళ్తారు. మామగారు ఏసోబు వీధి వరండాలో పేపరు చదువుకుంటారు. భర్త నిరంజన్ సెలవు పెట్టి గేటు దగ్గర కాపలా ఉంటాడు. హెప్సిబా పడగ్గది తలుపు గడియ వేసుకుని, కంప్యూటరు ముందు కూర్చుని పరీక్ష రాస్తుంది. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదని నలుగురూ అనుకున్నారు.

హెప్సిబా పాఠాలు చెప్పిన తాడేపల్లిగూడెం బడి మూతపడి ఏడాది దాటింది. తర్వాత ఆసుపత్రి బిల్లులు ఇంటి నుంచే సరిచూసే ఉద్యోగం ఒకటి చేతిదాకా వచ్చింది. తీరా పరీక్ష ముగింపులో ఉండగా కరెంటు పోయింది, కంప్యూటరు ఆరిపోయింది, ఉద్యోగమూ దాంతోపాటే పోయింది. ఆమె బతిమాలితే కంపెనీ వాళ్ళు ఇంకొక్క అవకాశం ఇచ్చి, మూడోది అడగవద్దని కూడా రాశారు. నిరంజన్ ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజరు. రొయ్యకి తెగులొస్తే ఆ నెల అతని జీతానికీ తెగులే. ఏసోబుగారు ఏలూరులో గుండె వార్డు నుంచి ఇంటికొచ్చి ఎన్నాళ్ళో కాలేదు. సంసారం మొత్తం ఆ పరీక్ష మీద ఆనుకుని కూర్చుంది. హెప్సిబాకి తిన్న అన్నం ఒంటబట్టడం లేదు.

అందుకే యూపీఎస్ కొనాలనుకున్నారు. కొనే బాధ్యత నిరంజన్ తీసుకున్నాడు. అక్కడే మొదలైంది.

ఏలూరు బజార్లో కంప్యూటర్ల కొట్టు కనకరాజు మంచి రకం ఒకటి తీసి చూపించాడు. "కంప్యూటరు, నెట్ బాక్సు, రెండూ హాయిగా నడుస్తాయండి. మూడోది తగిలిస్తే మాత్రం చేతులెత్తేస్తుంది."

"అది సరేనండి. కరెంటు పోతే ఎంత గట్టిగా అరుస్తుంది?"

"అరవదండి. ఈ బటన్ నొక్కితే నోరు మూసుకుని పనిచేసుకుపోద్ది."

"అయితే వద్దండి."

కనకరాజుకి అర్థం కాలేదు. చెరువుల మీద బతికినవాడైతే అర్థమయ్యేది. అక్కడ కరెంటు పోయి, నీళ్ళలో గాలి కొట్టే మరలు ఆగితే, చూస్తుండగానే పంటంతా చచ్చి పైకి తేలుతుంది. సైరన్ మోగితేనే మనుషులు లేచి జనరేటర్ వేస్తారు. అరవని యంత్రాన్ని నిరంజన్ జన్మలో నమ్మలేదు.

"కంప్యూటరుకి అరుపెందుకండి? మేడమ్ గారు ఎదురుగానే కూర్చుంటారు కదా!"

"మనిషన్నాక కునుకు పట్టొచ్చండి."

"పరీక్షలోనా అండి?"

నిరంజన్ పట్టు వదల్లేదు. కనకరాజు చివరికి గోడౌన్లో దుమ్ము పట్టిన పాత రకం ఒకటి వెతికి తెచ్చాడు. దానికి నోరు మూయించే బటనే లేదు. ఒకసారి మోగించి చూపిస్తే పక్క కొట్టువాళ్ళు బయటికొచ్చి చూశారు. నిరంజన్ మహదానందంగా మోసుకొచ్చాడు.

ప్లగ్గు ఉన్నచోటే పెట్టాలి గనక, దాన్ని పడగ్గదిలో ఏసోబుగారి మంచం పక్కన పెట్టాడు. "అమ్మా, దీన్నెవరూ ముట్టుకోకండి. ఇది ఆగితే మన పనైపోయినట్టే," అని తల్లికి చెప్పాడు. గుండె వార్డులో భర్త పక్కన కూర్చుని వచ్చిన వరమ్మగారికి ఇంకేం చెప్పాలి? కొడుకు నాన్న గుండెకి మిషన్ తెచ్చాడనుకుని, ఆవిడ రోజూ దాని మీద చెయ్యి వేసి ప్రార్థన చేసుకోవడం మొదలుపెట్టారు. ఆ వార్డులో పక్క మంచం మీది మనిషి పోయినప్పుడు మిషన్ ఎలా కూసిందో ఆవిడ మరచిపోలేదు.

పరీక్ష నియమాలు కఠినమైనవి. తలుపు వేసి ఉండాలి. గదిలో రెండో మనిషి ఉండకూడదు. నోరు విప్పకూడదు, తల తిప్పకూడదు. కంపెనీ అధికారి ఒకరు కెమెరాలోంచి చూస్తూనే ఉంటారు. మూడు హెచ్చరికలొస్తే పరీక్ష రద్దు.

ఆ ఉదయం వరమ్మగారు చర్చికి వెళ్ళాక, వరండాలో ఏసోబుగారు దగ్గారు. ఆ దగ్గు పడగ్గదిలోకి స్పష్టంగా వినబడింది. పరీక్షలో ఆ దగ్గు కెమెరాకి వినబడితే ఇంకేమన్నా ఉందా అనుకున్నాడు నిరంజన్. "నాన్నా, పదండి, డాక్టరు గారికి చూపించుకొచ్చేద్దాం," అని అప్పటికప్పుడు ఆయన్ని ఆటో ఎక్కించాడు. నెట్ పోతే పనికొస్తుందని తన ఫోను భార్య దగ్గరే వదిలేశాడు. హెప్సిబా దాని గొంతు నొక్కి బల్ల మీద పెట్టుకుని, గడియ వేసుకుంది.

సగం పరీక్ష సాఫీగా సాగింది. అప్పుడు కరెంటు పోయింది, యూపీఎస్ అరిచింది. కంప్యూటరు మాత్రం ఆరలేదు. 'గదిలో శబ్దం' అని మొదటి హెచ్చరిక వచ్చింది. హెప్సిబా పళ్ళు బిగబట్టి రాసుకుపోయింది.

అటు చర్చిలోనూ కరెంటు పోయి, మైకు మూగబోయి, కూటం తొందరగా ముగిసింది. వరమ్మగారు ఇంటికొచ్చేసరికి వరండా ఖాళీగా ఉంది. పడగ్గది తలుపు వేసి ఉంది. లోపల మిషన్ కూస్తోంది.

"ఏవండీ!" అని పరీక్ష సంగతే మరచి తలుపు కొట్టారు. జవాబు లేదు. "అమ్మాయ్, హెప్సిబా! మీ మామయ్య గారికి ఎలా ఉందే?"

లోపల హెప్సిబా విన్నది. ఒక్క మాట చెబితే చాలు, అంతా సర్దుకుంటుంది. ఆ ఒక్క మాటతో ఉద్యోగం పోతుంది. పెదవి కొరుక్కుని తర్వాతి ప్రశ్న చదివింది. బయట అత్తగారు కొడుకు ఫోనుకి చేస్తే అదీ ఎవరూ తియ్యలేదు. వరమ్మగారు గుమ్మంలో కూలబడి గుండెలు బాదుకున్నారు.

పక్కింటి దేవసహాయం సంఘపెద్ద. ఏడుపు విన్నాడు, కూత విన్నాడు, తిన్నగా వెళ్ళి చర్చి గంట కొట్టాడు. చావు గంట ఎలా కొట్టాలో అతనికి బాగా అలవాటు. కాసేపట్లో కాలనీ అంతా దండలతో గేటు దగ్గరుంది. ఎవరో ఫోను చేస్తే, శవాన్ని ఉంచే ఫ్రీజర్ పెట్టెతో మాణిక్యం వ్యానేసుకుని వచ్చాడు. ఆ పిల్ల కూడా లోపల ఏమైపోయిందోనని నలుగురు కలిసి తలుపు విరగ్గొట్టారు.

'గదిలో ఇతర వ్యక్తులు' అని రెండో హెచ్చరిక వచ్చింది. హెప్సిబా తల తిప్పలేదు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, చెయ్యి మాత్రం ఆగలేదు. కిటికీలు మూసిన ఆ చీకట్లో అందరూ కంప్యూటరు వెలుగులో ఆమె మొహమే చూశారు, మంచం వైపు ఎవరి కళ్ళూ పోలేదు.

"చూడండమ్మా, మామగారంటే ఎంత ప్రాణమో! రాయైపోయింది పిల్ల," అంది పొరుగు అచ్చమ్మ. భుజాలు పట్టుకుని ఊపింది. "ఏడువమ్మా, గట్టిగా ఏడు. లోపల పెట్టుకోకూడదు."

ఇందరు కనబడుతున్నా మూడో హెచ్చరిక ఎందుకో రాలేదు. ఇంకా నాలుగు ప్రశ్నలున్నాయి. హెప్సిబాకి ఆశ పుట్టింది.

ఇంతలో మాణిక్యం తన పెట్టెని ముందుగా చల్లబరుద్దామని ప్లగ్గు కోసం చూశాడు. వీధంతా కరెంటు లేదు. ఒక్క ఆ కూసే డబ్బాకే ప్రాణమున్నట్టు కనబడింది. వెనక ఖాళీగా ఉన్న కన్నంలో పెట్టె వైరు గుచ్చాడు. యూపీఎస్ ఒక్కసారి పొడుగ్గా కూసి ఆగిపోయింది. కంప్యూటరు నల్లబడింది.

"పోయింది!" అంది హెప్సిబా. గదిలో ఆడవాళ్ళందరూ ఘొల్లుమన్నారు.

అప్పుడామె తిరిగి, ఖాళీ మంచం చూపించి అరిచింది. "మామయ్యగారు ఆసుపత్రికి వెళ్ళారండీ!"

"అయ్యో, ప్రాణం అక్కడేనా పోయింది?" అన్నాడు దేవసహాయం.

గేటు దగ్గర ఆటో ఆగింది. నిరంజన్ చెయ్యి పట్టుకుని ఏసోబుగారు దిగారు. దండలు చూశారు, పెట్టె చూశారు. "ఎవరండీ?" అన్నారు మెల్లగా.

దేవసహాయం అబద్ధమాడే మనిషి కాదు. "మీరేనండి," అన్నాడు.

జనం దండలు పట్టుకుని మొహమాటంగా వెళ్ళిపోయారు. వరమ్మగారు భర్త చెయ్యి వదలకుండా ఏడుస్తూనే ఉన్నారు. హెప్సిబాని ఎవరూ ఓదార్చలేదు. చావు తప్పిన ఇంట్లో పరీక్ష పోయిందని ఏడవడానికి ఆమెకే సిగ్గేసింది. నిరంజన్ యూపీఎస్ ముందు కూర్చుని, అరవాల్సినప్పుడు బాగానే అరిచిందని గొణుక్కున్నాడు.

సాయంత్రం కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. కెమెరాలో అంతా చూశామనీ, మామగారి మృతికి తమ ప్రగాఢ సంతాపమనీ రాశారు. అంత దుఃఖంలోనూ కుర్చీ వదలని అభ్యర్థిని తామెన్నడూ చూడలేదట. అందుకని నియమం పక్కనబెట్టి మరోసారి పరీక్ష పెడతారట. మరణ ధ్రువపత్రం ఒక్కటి పంపితే చాలునట.

రాత్రి భోజనాల దగ్గర హెప్సిబా అది చదివి వినిపించింది. నిరంజన్ ఒకసారి తండ్రి వైపు చూసి, తల దించుకున్నాడు.

ఏసోబుగారు అన్నంలో మజ్జిగ పోసుకుని కలుపుకున్నారు. "గడువెంత ఇచ్చారమ్మా?" అని అడిగారు.

ఆ ఇంట్లో హెప్సిబా ఉద్యోగం గురించి సూటిగా ఆలోచించినవారు ఆయనొక్కరే.