రాడారుకి చోటు కావాలి

రోజూ పాతికమంది చేత నోరు తెరిపించే పళ్ళ డాక్టరుకి ఇంట్లో నోరు తెరిచే సందు దొరకదు. ఆదివారమైనా నీళ్ళ మీద ప్రశాంతంగా ఉండొచ్చని తెరచాప పడవ కొనుక్కున్నాడు. మొదటి ఆదివారం భార్య వచ్చింది. రెండో ఆదివారం అత్తగారు వచ్చారు. మూడో ఆదివారం అత్తగారి కుర్చీ వచ్చింది.

పడవ వెనక ఎడమ మూల కుర్చీ వేసుకుని ఆవిడ, "అల్లుడుగారూ, కుడికి తిప్పండి. అంత కుడికి కాదు!" అంటుంటే డాక్టరు తన పడవలో తానే చుట్టమైపోయాడు.

ఒకనాటి పొగమంచులో సరుకుల ఓడ ఒకటి పక్కింటి గోడంత దగ్గరగా వచ్చి పోయింది. ఒడ్డుకి రాగానే భార్య తేల్చేసింది.

"మంచులో ఓడల్ని కనిపెట్టే ఆ రాడారేదో బిగించేదాకా నేను పడవెక్కను. మీరూ ఎక్కకూడదు."

డాక్టరుకి భయంతోపాటు ఒక ఉపాయమూ పుట్టింది.

"దానికి తగిన చోటు ఒక్కటే ఉంది. వెనక ఎడమ మూల. అక్కడో గొట్టం నిలబెట్టి పైన బిగించాలి."

"అక్కడ అమ్మ కూర్చుంటుందిగా!"

"ఏం చేస్తాం? శాస్త్రం అలా ఉంది మరి."

"శాస్త్రానికి మా అమ్మ ఏం అపకారం చేసిందండీ?"

మర్నాడు ఫిట్టరు వచ్చాడు. నోరు విప్పితే 'కానీ' అంటాడని రేవులో అందరూ అతన్ని 'కానీ' అనే పిలుస్తారు.

"వెనక పెట్టొచ్చు డాక్టరుగారూ, కానీ ఎక్కువ దూరం కనిపించదు. తెరచాప స్తంభం కొసన పెడితే చాలా దూరం కనిపిస్తుంది, కానీ పైబరువుకి పడవ ఊగుతుంది. సగం ఎత్తున పెట్టొచ్చు, కానీ తెరచాప తగులుతుంది. తగలకుండా కడ్డీ కట్టొచ్చు, కానీ..."

డాక్టరుకి ఏది వెనకో ఏది ముందో తెలియలేదు.

"ఇంతకీ ఎక్కడ పెట్టమంటావయ్యా?"

"సగం ఎత్తే మేలు, కానీ..."

"కానీ అంటున్నాడుగా, కానీయండి!" అన్నారు అత్తగారు.

"ఎక్కేదెవరు?" అన్నాడు డాక్టరు ఆశగా.

"నేనే ఎక్కేవాణ్ణి, కానీ మోకాలు..."

సరే, పైకెక్కి 'ఇక్కడ పట్టదు' అని దిగిపోతే సరి, ఇక వెనక ఎడమ మూలే గతి, అనుకున్నాడు డాక్టరు. ఉయ్యాల బల్లలాంటి దానిలో కూర్చోబెట్టి, రాడారు ఒళ్ళో పెట్టి, నడుముకి పట్టీ బిగించి, ఫిట్టరు తాడు చుట్టే చక్రం తిప్పి అతన్ని పైకి లాగాడు. తాడు గట్టిగా కట్టేశాడు. ఆ తాడు పక్కనే అత్తగారు కుర్చీ వేసుకున్నారు.

"ఇక్కడ పట్టడం లేదు! దించండి!"

"సరిగ్గా చూడండి అల్లుడుగారూ, తొందరేం లేదు."

"మరలు దొరకడం లేదు!"

"మీ చొక్కా జేబులోనే పెట్టానండీ," అంది భార్య.

గాలి లేచింది. కింద పడవ జానెడు ఊగితే పైన డాక్టరు బారెడు ఊగుతున్నాడు. నాలుగో ఊపుకి రాడారు చక్కగా పట్టేసింది. ఆరో ఊపుకి మరలన్నీ బిగిశాయి.

దిగాక చతికిలబడ్డాడు. భార్య మంచినీళ్ళందించింది.

"నిన్న సాయంత్రమే మేం ఫిట్టరుని అడిగామండీ. వెనక కుడి మూల ఖాళీయేనట. అక్కడైతే ఎవరూ పైకెక్కక్కర్లేదట. దూరం కాస్త తగ్గినా మన ప్రయాణాలకి చాలునట."

"మరి ముందే చెప్పలేదేం?"

"అమ్మ కుర్చీ తీయించడానికే అలా అన్నానని, పైకెళ్ళాకైనా మీరు నిజం చెబుతారేమోనని చూశాం."

డాక్టరు ఇంకో గ్లాసు నీళ్ళడిగాడు.