కొలతకు సరిపోయిన అమ్మాయి

ఉద్యోగంలో చేరిన మూడో ఏట హిమజ అరగడం మొదలైంది. సబ్బుబిళ్ళ అరిగినట్టు అన్ని వైపుల నుంచీ సమానంగా, నెలకు సుమారు అంగుళం చొప్పున. ఇందులో వింతేమీ లేదు. విశాఖపట్నంలో ఆమె ఆఫీసున్న భవనంలో ఏడంతస్తుల్లోనూ మనుషులు అరుగుతూనే ఉన్నారు. సాయంత్రం ఊడ్చేవాళ్ళు కుర్చీల కింద పడిన సన్నటి పొడిని చేటలోకి ఎత్తి, ఎవరిదెంతో చూడకుండానే పారబోసేవారు.

ఆఫీసు దీన్ని వేరౌట్ అనేది. ఆ ఇంగ్లీషు మాటకు అర్థమూ వాడుకా నోటీసు బోర్డు మీద అంటించారు. చెప్పులు వేరౌట్ అవుతాయి, టైర్లు వేరౌట్ అవుతాయి. ఈ వాక్యాలు ఎవరైనా వాడుకోవచ్చు. ‘నేను వేరౌట్ అయ్యాను’ అనే వాక్యాన్ని మాత్రం ధ్రువీకరణ జరిగాకే వాడాలి. అంతవరకు ‘కొంచెం టైర్డ్‌గా ఉంది’ అనవచ్చు, అదీ టీ విరామంలో. ధ్రువీకరణ పొందినవారికి మూడు నెలల సెలవు. సెలవులో మనిషి మళ్ళీ పెరగకపోయినా, అరగడం మాత్రం ఆగుతుందని తీసుకున్నవాళ్ళు చెప్పేవారు.

హిమజ తల్లి నూకరత్నం ఏడో తరగతి వరకు చదివింది. కంచరపాలెంలో ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. భర్త పోయినప్పటి నుంచి ఆమెకు ఫోను మోగితే యాక్సిడెంటు, వాన పడితే తెగిన కరెంటు తీగ, కూతురు అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఆస్పత్రి కళ్ళముందు మెదిలేవి. అలాంటిది, కూతురి చున్నీ నేల రాయడం కనిపెట్టలేకపోతుందా? ఆ ఆదివారమే టేపు తీసింది.

“నిటారుగా నిల్చోవే. ఊపిరి బిగబట్టకు.”

“తర్వాత సెయ్యొచ్చు కదమ్మా. నిద్దరొస్తంది.”

“తర్వాతేటి? ఈ గుంటేటి ఇలగైపోనాది అని ఆఫీసులో ఎవులేనా సూసి తీసేస్తే? అప్పుడేటి సేస్తావు?”

అప్పటి నుంచి ప్రతి ఆదివారం కూతురి బట్టల కుట్లన్నీ విప్పి, కొలతకు తగ్గించి కుట్టేది. చూసినవాళ్ళకు అనుమానం రాకుండా భుజాలూ, చేతులూ, అంచులూ అన్నీ.

మనిషితో పాటు మాట కూడా అరిగింది. ఒకప్పుడు హిమజ ఆఫీసు కబుర్లు చెబుతుంటే కంచంలో అన్నం చల్లారిపోయేది. అయిదడుగులకు వచ్చేసరికి అడిగినదానికే జవాబు. నాలుగున్నర దగ్గర తల ఊపు. ఎదురుగా కూతురు కూర్చుని తింటున్నా, నూకరత్నానికి ఒంటరిగా తిన్నట్టే ఉండేది. టేపు చుట్టేటప్పుడు మాత్రం పిల్ల చేతులకు అందేది. అందుకే ఒక్కోసారి అవసరం లేకపోయినా రెండోసారి కొలిచేది.

నాలుగడుగుల దగ్గర హిమజ ధ్రువీకరణకు దరఖాస్తు పెట్టింది. ఈ సెలవు రాకపోతే ఏమవుతుందో నూకరత్నం లెక్కగట్టుకుంది: వచ్చే ఉగాదికి మూడడుగులు, ఆ పై ఉగాదికి రెండు. ఆ తర్వాత లెక్క వేయలేక వేళ్ళు ముడిచేసింది.

ఇంటివారొకరు వెంట రావాలన్నది నియమం. ఆఫీసరు ముందుకు వెళ్ళే పిల్ల వేలాడే బట్టలతో కనబడితే ఏం బాగుంటుందని, నూకరత్నం ఆ పొద్దున్నే చుడీదారును మరోసారి సరిచేసి, ఇస్త్రీ పెట్టి తొడిగింది.

సంక్షేమ అధికారి పట్నాయక్ గారు మర్యాదస్తుడు. లేవకుండానే నమస్కారం పెట్టి, హిమజను బల్ల దగ్గరకు రమ్మని, చేతి అంచు పట్టి లాగి చూశారు. భుజం కుట్టు చూశారు.

“ఇవి కొత్త బట్టలామ్మా?”

“నేదు బాబూ, మూడేళ్ళ కిందటివి. పిల్ల ఉద్యోగంలో సేరినప్పుడు కొన్నాం.”

“మంచిది,” అని ఆయన కాగితం మీద రాసుకున్నారు. “ఉద్యోగుల ఎత్తు రాసిపెట్టుకోవడం వారి గౌరవానికి భంగమని మేము రాయం. బట్టలే ఆధారం. చేరినప్పటి బట్టలు ఇవాళ్టికీ ఒంటికి సరిపోయాయి. కనక మనిషి మారలేదు.”

నూకరత్నం బల్ల దగ్గరకు జరిగింది. “బాబూ, నానే సిన్నవి సేసేను. ఆదివారం ఆదివారం నానే కుట్టేను.”

“లోపల మడత ఉండాలి కదమ్మా. లేదే.”

“మడతుంచితే ఉబ్బెత్తుగా అగుపిస్తాదని కత్తిరించేసేను.”

“ఆ ముక్కలున్నాయా?”

“తలగడలో కూరేను. తెమ్మంటే ఇప్పుడే ఎల్లి తెస్తాను.”

“తలగడ దరఖాస్తు చేసుకోలేదు కదమ్మా,” అన్నారాయన మెత్తగా, ముద్ర వేస్తూ. ‘ఫిట్’ అని పడింది. ముద్ర ఆరేదాకా ఊదాక, ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. “పనితనం మాత్రం ఎక్కడా తెలియకుండా ఉంది. నా కోటు కూడా ఈమధ్య కాస్త వదులవుతోంది. ఆదివారం పంపిస్తే చూస్తారా?”

బల్ల కింద ఆయన బూట్లు నేలకు అందడం లేదని నూకరత్నం అప్పుడు చూసింది. పంపించమంది.

మెట్లు దిగుతూ హిమజ చాలా వారాల తర్వాత తనంతట తానుగా ఒక మాట అంది. “పోన్లేమ్మా. బాగా కుట్టేవు.”

సోమవారం ఆఫీసు వ్యాను ఎత్తయిన మెట్టు హిమజకు అందలేదు. నూకరత్నం చంకల కింద చేతులు వేసి ఎత్తి లోపల పెట్టింది. ఆమె వెనక ఇంకో తల్లి కొడుకును ఎత్తుతోంది, ఆ వెనక ఒకాయన భార్యను.

“మీ పాప ఉద్యోగంలో సేరి ఎన్నాళ్ళయింది?” అని అడిగింది ఆ తల్లి, కొడుకు కాలరు సరిచేస్తూ.

“మూడేళ్ళు దాటింది. పర్మనెంటే.”

“అదృష్టమమ్మా. మావోడికింకా అవ్వనేదు.”

“అవుద్దిలే, బెంగెట్టుకోకు,” అంది నూకరత్నం.

వ్యాను కదిలింది. లోపల సీట్లన్నీ నిండి ఉన్నాయి. కిటికీల్లో మాత్రం ఒక్క తలా కనిపించలేదు. అయినా నిలబడినవాళ్ళందరూ మలుపు తిరిగేదాకా చేతులూపారు.