నారాయణఖేడ్ క్షీరసమరము

స్వస్తి! క్రీస్తుశకము వేయిన్ని తొమ్మిదివందల ఎనుబదియేడవ సంవత్సరమున, వైశాఖమాసపు ఎండ ఉదయము ఎనిమిదింటికే నారాయణఖేడ్ బస్టాండును పెనమువలె కాల్చుచుండ, ఖాకీ ప్యాంటే కవచముగా, లాక్టోమీటరే ఖడ్గముగా, మూడు ఖాళీ సీసాలే సైన్యముగా నాసిర్ చాయ్ హోటలు ముంగిట ప్రత్యక్షమయ్యెను కల్తీకులకాలాంతకుడు, సానిటరీ ఇన్‌స్పెక్టర్ బస్వరాజు.

పాపము, ఆ మహావీరునికి పెద్ద ఆపదే వచ్చిపడినది. నెల ముగియుటకు ఒక్కటే దినము మిగిలెను. ఒక్క కల్తీ కేసైనను పెట్టనిచో మారుమూల కంగ్టికి బదిలీ తప్పదని పైఅధికారి ఉరిమియుండెను. ఏడాదిగా ఈ పరాక్రమశాలి పట్టిన కేసులు, చెప్పుటకే సిగ్గు, సున్న.

అంతలో నెత్తిన పాలక్యానుతో విచ్చేసెను మహిషీపోషణధురంధర సిద్దమ్మ. లాక్టోమీటరు పాలలో దిగెను. దిగి, దిగి, మెడదాక మునిగెను.

“నీళ్లు!” అని బస్వరాజు సింహనాదము చేసెను.

“వట్టి పాలు అమ్మితే బర్రెకు దిష్టి తగుల్తది సారూ. సుక్క నీళ్లేస్తం, గంతే,” అన్నది సిద్దమ్మ.

ఆ సుక్క ఎంతటిదో బోరుపంపుకే ఎరుక. పాలు మూడు సీసాలకెక్కెను, మూతులపై లక్క కరిగెను. ఇక సాక్షి సంతకమొక్కటే కొదవ.

“ఓ పురవీరులారా! మీ పసిబిడ్డల గిన్నెలలో జలము కలిసిన ఈ ఘోరమును కన్నులార గాంచితిరి గదా! ఒక్క సంతకముతో ధర్మమును నిలబెట్టుడు!” అని బస్వరాజు చుట్టు మూగిన జనమును వేడెను.

అంతవరకు మెడలు సాచి చూచుచుండిన పురవీరులందరు, రాని బస్సు వచ్చినదని పరుగిడిరి. మిగిలినవాడు హోటలు యజమాని నాసిర్.

“నేను చాయ్ చూసిన సారూ, పాలు చూడలే. కోర్టుకు తిరుగుడంటే పరేషాన్,” అనెను వాడు.

గంట గడిచెను. సిద్దమ్మకు ఓపిక నశించెను.

“ఎంతసేపు సారూ? పాలు ఇరిగిపోతయ్. గా ఏలుముద్రేదో నేనే ఏస్త, జల్దీ తే!”

చట్టము చదివిన బుద్ధి వలదనెను. అంతలో కంగ్టి బస్సు హారను మ్రోగెను. బస్వరాజు కాగితము ముందుకు జరిపెను. సాక్షి గడిలో సిద్దమ్మ బొటనవ్రేలు పడెను. సాక్షి తానే ముద్దాయి కారాదు గనుక, ఎదుట నిలిచిన ఆమెను చూచుచునే, ముద్దాయి గడిలో ‘పరారీ’ అని ఆ ధీమంతుడు లిఖించెను. కేసు నమోదయ్యెను. బదిలీ తప్పెను.

సిద్దమ్మ తిన్నగా బోరుపంపుకు నడిచి, పోయిన మూడు సీసాల లోటును అక్కడనే పూడ్చుకొని, వాడుక ఇండ్లకు బయలుదేరెను.

మధ్యాహ్నము విజయుడై ఇల్లు చేరిన బస్వరాజుకు భార్య అమృతమ్మ చాయ్ ఇచ్చినది.

“పాలు గిట్లున్నయేంది?” అని మొదటి గుక్కకే అడిగెను వీరుడు.

“సిద్దమ్మవే. ఎవడో మూడు సీసాలు గుంజుకున్నడంట, పాపం.”

కంగ్టికి పోనక్కరలేని ఆ మహానుభావుడు, నారాయణఖేడ్ గడ్డపైననే ఠీవిగా కూర్చుండి, ఆ నీళ్లచాయ్‌ను అడుగంట త్రాగెను. జయము! జయము!